కారు ‘సైలెన్సర్’ లీకు: చప్పుడు, విషవాయువు, వ్యవహార భాష
(నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నేపథ్యం)

వ్యాస సంగ్రహం

కారు ఇంజనులో మండిన వాయువులను బయటికి పంపే గొట్టం మొత్తాన్నీ తెలుగు వ్యవహారంలో ‘సైలెన్సర్’ అంటారు. నిజానికి అది ఆ వ్యవస్థలోని ఒక్క భాగం పేరు. ఆ పేరు తెలిపేది ఒక్క పనిని మాత్రమే. ఈ అర్థవిస్తృతి వల్ల గొట్టానికి వచ్చే ప్రతి లోపమూ శబ్దదోషంగానే వ్యవహర్తకు అందుతోంది. చప్పుడు పెరిగితే మరమ్మత్తు చేయించడం, తగ్గితే సమస్య తీరిందనుకోవడం దీని పర్యవసానం. లీకు పెద్ద చప్పుడు చేసే చోటు, అది ప్రాణాపాయం కలిగించే చోటు ఒకటే కానక్కర లేదు. దక్షిణ తెలంగాణలోని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాడుక, రోడ్లు, వాతావరణం నేపథ్యంగా పొగగొట్టం నిర్మాణాన్ని, అది చెడే తీరును, చప్పుడును బట్టి లోపాన్ని గుర్తించే పద్ధతిని, మరమ్మత్తు మార్గాలను, చట్ట నిబంధనలను వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

ముఖ్య పదాలు: సైలెన్సర్, పొగగొట్టం, అర్థవిస్తృతి, ధ్వన్యనుకరణ పదాలు, కార్బన్ మోనాక్సైడ్, వృత్తి పదజాలం, దక్షిణ తెలంగాణ.

1. ఉపోద్ఘాతం

సైలెన్సర్ చప్పుడు చేస్తోందని మెకానిక్ షెడ్డుకు వెళ్ళేవారు చాలామంది. సైలెన్సర్ నుంచి విషవాయువు కారుతోందని వెళ్ళేవారు అరుదు. రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. మొదటి ముఖం చెవికి అందుతుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. రెండవది ఏ ఇంద్రియానికీ అందదు కాబట్టి మాటలోకి రాదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే పేర్లను ఈ వ్యాసం 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాల అర్థంలో వాడుతుంది. నేటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలు ఇందులో చేరుతాయి. ఈ మెట్ట ప్రాంతం గుండా రెండు పెద్ద రహదారులు పోతున్నాయి. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. దక్షిణానికి పోయే 44వ జాతీయ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరులను కలుపుతుంది. ఈ రహదారుల పక్కనున్న పట్టణాలలో మెకానిక్ షెడ్డు, వెల్డింగ్ షాపు, పంక్చర్ దుకాణం వరుసగా కనిపిస్తాయి. పొగగొట్టం మరమ్మత్తు సాధారణంగా ఈ షెడ్డుకూ ఆ వెల్డింగ్ షాపుకూ మధ్య జరిగే పని. దాని విజ్ఞానం ఎక్కువగా మౌఖికం. ఉస్తాదు నుంచి పని నేర్చుకునే కుర్రవానికి చెవి ద్వారా, చేతి ద్వారా అందుతుంది.

వృత్తుల పదజాలాన్ని సేకరించే పని తెలుగులో కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయంపై 1962లో, చేనేతపై మరొక సంపుటం 1971లో వెలువడ్డాయి. నాగలికి, మగ్గానికి జరిగిన ఆ పరిశీలన మోటారు షెడ్డుకూ వర్తించదగినది. షెడ్డు మాటకు అదనంగా మరొక ప్రాముఖ్యం ఉంది: వస్తువుకు ఉన్న పేరు ఆ వస్తువును వాడేవారి భద్రతను కూడా ప్రభావితం చేయగలదు. అందుకు ‘సైలెన్సర్’ మంచి ఉదాహరణ.

2. ‘సైలెన్సర్’ పదం: అర్థవిస్తృతి

ఇంజను చప్పుడును అణచే డబ్బాను బ్రిటిష్ ఇంగ్లీషులో ‘సైలెన్సర్’ అని, అమెరికన్ ఇంగ్లీషులో ‘మఫ్లర్’ అని అంటారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ సోదరులు ఇటువంటి పరికరానికి 1897లో పేటెంటు పొందారు. భారతదేశానికి మోటారు వాహనాలు బ్రిటిష్ పాలన కాలంలో వచ్చాయి కనుక ఇక్కడ సైలెన్సర్ అనే మాటే నిలిచింది. మఫ్లర్ అనే మాట తెలుగులోకి వేరే దారిన వచ్చి, చలికాలంలో చెవులకు చుట్టుకునే ఉన్ని గుడ్డకు పేరై స్థిరపడింది. అందువల్ల కారు విషయంలో సైలెన్సర్‌కు పోటీ రాలేదు.

పోటీ లేని పదం విస్తరించింది. ఇంజనును ఆనుకొని ఉండే మానిఫోల్డ్‌ను మినహాయిస్తే, అక్కడి నుంచి వెనుక బంపరు కింది కొస వరకు ఉన్నదంతా వాడుకలో సైలెన్సరే. ‘సైలెన్సర్ కాలింది’ అంటే ద్విచక్ర వాహనం గొట్టం కాలికి తగిలి కాలిందని అర్థం. శబ్దంతో ఆ వాక్యానికి సంబంధమే లేదు. ఒక భాగం పేరు మొత్తానికి చెల్లడం అర్థవిపరిణామంలో పరిచితమైన మార్గమే. అయితే ఇక్కడ పేరుతో పాటు ఆ పేరులోని ప్రయోజనం కూడా మొత్తానికి సంక్రమించింది. గొట్టం ఉన్నది చప్పుడు తగ్గించడానికే అన్న భావన స్థిరపడింది.

తెలుగులో ‘పొగగొట్టం’ అనే మాట ఉంది. వంటింటికి, రైలింజనుకు, కర్మాగారానికి వాడే మాట అది. పొగను దూరంగా తీసుకుపోవడమనే ప్రధాన ప్రయోజనం ఆ పేరులోనే ఉంది. పొయ్యి మీది పొగగొట్టానికి చిల్లు పడితే గృహిణికి ముందుగా తోచేది ఇల్లంతా పొగ కమ్ముతుందని. కారు సైలెన్సర్‌కు చిల్లు పడితే యజమానికి తోచేది వీధివాళ్ళు తిరిగి చూస్తారని. వస్తువుల పని ఒకటే. పేర్లు వేరు కావడంతో ఆందోళనలు వేరయ్యాయి. ఈ వ్యాసంలో మొత్తం వ్యవస్థకు పొగగొట్టం అని, శబ్దం తగ్గించే భాగానికి సైలెన్సర్ డబ్బా అని వ్యవహారం.

ఈ ప్రాంతపు షెడ్డు భాషలో మూడు పొరలు కనిపిస్తాయి. మానిఫోల్డ్, క్లాంపు, సెన్సార్ వంటి ఇంగ్లీషు మాటలు ఒక పొర. పానా, జంగు, ఉస్తాద్ వంటి ఉర్దూ మాటలు రెండవది. నిజాం రాజ్య వారసత్వం ఇందులో స్పష్టం. చిల్లుకు పొక్క, సన్నని పగులుకు నెర్రె, శబ్దానికి సప్పుడు వంటి తెలంగాణ తెలుగు మాటలు మూడవది. ‘సైలెన్సర్ జంగు తిని పొక్క పడ్డది’ అనే వాక్యంలో మూడు భాషలూ ఒక్కచోట చేరి, లోపాన్నీ దాని కారణాన్నీ తెలుపుతాయి. ఆ పొక్క నుంచి ఏం బయటపడుతోందన్నది మాత్రం వాక్యంలో లేదు.

3. పొగగొట్టం నిర్మాణం, నిర్వహించే పనులు

పెట్రోలు కారు పొగగొట్టం ఇంజను వైపు నుంచి వెనుకకు వరుసగా ఇలా ఉంటుంది: సిలిండర్ల నుంచి వాయువును ఒకచోట చేర్చే మానిఫోల్డ్, వాయువులోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్, విషవాయువులను మార్చే క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజను కదలికను వెనుక గొట్టానికి చేరనీయని, లోహపు జాలీ అల్లిన మడతల గొట్టం, మధ్య గొట్టం, సైలెన్సర్ డబ్బా, చివరి కొస. భాగాలు కలిసే చోట్ల వేడికి తట్టుకునే గాస్కెట్ ఉంటుంది. షెడ్డులో దీన్నే ప్యాకింగ్ అంటారు. గొట్టం మొత్తం రబ్బరు హ్యాంగర్లతో కారు అడుగున వేలాడుతుంది.

ఈ వ్యవస్థ చేసే పనులు నాలుగు. మొదటిది, వాయువును మనుషులు కూర్చునే చోటుకు దూరంగా తీసుకుపోవడం. రెండవది, విషాన్ని తగ్గించడం. కన్వర్టర్‌లోని తేనెపట్టు వంటి గదుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. అది కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, మండని ఇంధనపు ఆవిరిని నీరు, కార్బన్ డయాక్సైడ్‌లుగా, నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా మారుస్తుంది. సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే గాని కన్వర్టర్ సరిగా పనిచేయదు. మూడవది, ఇంజనును నియంత్రించే కంప్యూటరుకు సెన్సార్ ద్వారా సమాచారం ఇవ్వడం. నాలుగవది, చప్పుడు తగ్గించడం.

ఈ నాలుగవ పనికి ఒక లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే సెకనుకు 100 పేలుళ్ళ ఒత్తిడి గొట్టంలోకి వస్తుంది. సైలెన్సర్ డబ్బాలోని గదులు, రంధ్రాల గొట్టాలు ఆ ఒత్తిడి అలలను అటూ ఇటూ పరావర్తనం చెందించి, ఒకదానితో ఒకటి ఢీకొని బలహీనపడేటట్టు చేస్తాయి. కొన్ని డబ్బాలలో ఉండే గాజునూలు వంటి పదార్థం మిగిలిన శబ్దాన్ని పీల్చుకుంటుంది. నాలుగు పనులలో ఈ చివరిదే మొత్తం వ్యవస్థకు పేరు పెట్టింది.

భారతదేశంలో రెండవ పనికి చట్టబద్ధత క్రమంగా వచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక సీసం లేని పెట్రోలు అవసరమైంది. 2000 నాటికి అది దేశమంతటా వచ్చింది. బీఎస్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి దేశవ్యాప్తంగా అమలయ్యాయి. అంటే నేటి పొగగొట్టం కేవలం ఇనుప గొట్టం కాదు, అదొక రసాయనశాల. దాని పేరు మాత్రం మారలేదు.

4. లీకుకు కారణాలు: ప్రాంతీయ పరిస్థితులు

4.1 లోపలి నీరు: సముద్రానికి దూరంగా, వర్షం తక్కువగా ఉండే ఈ ప్రాంతంలో ఇనుము తుప్పు పట్టడం తీరప్రాంతమంత వేగంగా ఉండదు. అయినా సైలెన్సర్ డబ్బా తుప్పుపడుతుంది. కారణం లోపలే ఉంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. కారు దూరం నడిచి గొట్టం బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇంటి నుంచి బస్టాండు వరకు, కళాశాల నుంచి బజారు వరకు రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో వెనుక డబ్బా వేడెక్కదు. ఆవిరి అక్కడే నీరై నిలుస్తుంది. దహనంలో పుట్టిన ఆమ్లాలు అందులో కరుగుతాయి. ఇనుమును అవి లోపలి నుంచి తింటాయి. రోజూ హైదరాబాదు వెళ్ళివచ్చే కారు కంటే ఊళ్ళోనే తిరిగే కారు డబ్బా ముందు చెడిపోవడానికి ఇదే కారణం.

తయారీదారులు కొన్ని డబ్బాల అడుగున చిన్న రంధ్రం విడిచిపెడతారు. నీరు కారిపోవడానికి ఉద్దేశించినది అది. చల్లని ఉదయం గొట్టం కొస నుంచో ఈ రంధ్రం నుంచో నీటి చుక్కలు రాలడం లోపం కాదు. లీకు అనుకొని ఆ రంధ్రాన్ని వెల్డింగ్‌తో మూసివేస్తే డబ్బా ఆయుష్షు తగ్గుతుంది.

4.2 దెబ్బలు: కారు అడుగున అన్నిటికంటే కిందికి ఉండే భాగాలలో పొగగొట్టం ఒకటి. కొలత లేకుండా కట్టిన స్పీడ్‌బ్రేకర్లు, సీసీ రోడ్డు అంచులు, మట్టిబాటల నడుమ లేచిన రాళ్ళు దానికి తగులుతాయి. దెబ్బకు వెంటనే చిల్లు పడకపోయినా హ్యాంగరు తెగుతుంది. వేలాడే గొట్టం బరువు కీళ్ళ మీద పడి ప్యాకింగ్ విరుగుతుంది. వానాకాలంలో ఒర్రెలు, వాగుల మీది లోలెవల్ వంతెనలు దాటేటప్పుడు బాగా కాగిన లోహానికి చల్లని నీరు తగిలితే పోత ఇనుప మానిఫోల్డ్‌లో నెర్రె పుట్టే అవకాశం ఉంది.

4.3 రోడ్డు మీది కల్లాలు: కోతల కాలంలో ఈ జిల్లాల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోయడం, కంది, ఉలవ వంటి పంటల కట్టెను వాహనాల చక్రాల కింద నలగడానికి పరచడం కనిపిస్తుంది. ఆ కట్టె, గడ్డి కారు అడుగున చుట్టుకొని కన్వర్టర్ దగ్గర ఇరుక్కుంటే వేడికి అంటుకోవచ్చు. గొట్టాన్ని కప్పే పలుచని వేడికవచం ఊడిపోయిన కారుకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కల్లం మీదుగా నడిపిన తరువాత కాసేపు ఆపి, అడుగున చూసి, చిక్కిన గడ్డిని కర్రతో తీసివేయడం అవసరం.

5. చప్పుడును చదవడం: ధ్వన్యనుకరణ పదాల ప్రయోజనం

భారతీయ భాషలలో ధ్వన్యనుకరణ పదాలు కుటుంబభేదాలను దాటి విస్తరించిన ఉమ్మడి లక్షణమని ఎమెనో 1969లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించారు. తెలుగులో ఈ పదాలు ‘అను’ ధాతువుతో కలిసి క్రియలవుతాయి: బుస్సుమను, భర్రుమను, ఠప్పుమను. సాహిత్య విమర్శలో వీటిని శైలీవిశేషాలుగా చూడడం పరిపాటి. మెకానిక్ షెడ్డులో ఇవే లోపనిర్ణయ సాధనాలు. యజమాని ఏ పదం వాడితే మెకానిక్ చెయ్యి ఆ భాగం వైపు పోతుంది. ఆ సంబంధాన్ని ఇలా వర్గీకరించవచ్చు.

అ) టిక్‌టిక్: మానిఫోల్డ్ ప్యాకింగ్ పోవడానికి, మానిఫోల్డ్ నెర్రె విచ్చడానికి సూచన. ఒక్క సిలిండరు దగ్గరే లీకుంటే, నిమిషానికి 800 సార్లు తిరిగే ఇంజనులో సెకనుకు ఆరేడు టిక్కులు వినిపిస్తాయి. యాక్సిలరేటర్ నొక్కితే వేగం పెరుగుతుంది. పొద్దున చల్లని ఇంజనులో స్పష్టంగా వినిపించి, పది నిమిషాలు నడిచాక ఆగిపోవడం దీని ప్రత్యేక లక్షణం. వేడికి లోహం వ్యాకోచించి సందును తాత్కాలికంగా మూస్తుంది. ‘వేడెక్కితే అదే పోతుంది’ అన్న మాట నిజమే. కాని పోయేది చప్పుడు. లోపం అక్కడే ఉంటుంది.

ఆ) బుస్: మడతల గొట్టం చిరగడానికి, కీలు వదులు కావడానికి సూచన. పాము బుసతో పోల్చదగిన ఈ శబ్దం తరచుగా ముందు సీటు కాళ్ళ దగ్గర నుంచి వస్తుంది.

ఇ) గలగల: రెండు అర్థాలున్న చప్పుడు. పలుచని రేకు అదిరినట్టు ఉంటే వేడికవచం బోల్టు ఊడింది. డబ్బాలో గవ్వలు ఆడినట్టు ఉంటే కన్వర్టర్‌లోని తేనెపట్టు పగిలింది. మొదటిది ఒక క్లాంపుతో తీరే పని. రెండవది ఖరీదైన భాగాన్ని మార్చవలసిన స్థితి. చల్లారిన తరువాత కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూస్తే భేదం తెలుస్తుంది.

ఈ) దడదడ: హ్యాంగరు తెగి గొట్టం కారు అడుగుకు కొట్టుకుంటోంది. గతుకులో పెరిగి, నున్నని రోడ్డులో తగ్గుతుంది.

ఉ) భర్ర్: సైలెన్సర్ డబ్బాకు లేదా మధ్య గొట్టానికి పెద్ద పొక్క పడింది. ట్రాక్టరు వస్తోందనుకునేంత చప్పుడు. అందరూ వెంటనే మరమ్మత్తు చేయించే లోపం ఇదే.

ఊ) ఠప్: యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనుక నుంచి వచ్చే పేలుడు. లీకు ద్వారా బయటి గాలి గొట్టంలోకి చేరి, మండక మిగిలిన ఇంధనపు ఆవిరి అక్కడ మండడం దీనికొక కారణం.

ఈ ఆరింటినీ చప్పుడు తీవ్రతను బట్టి వరుస పెడితే భర్ర్ మొదట, టిక్‌టిక్, బుస్ చివర వస్తాయి. ప్రమాద తీవ్రతను బట్టి పెడితే ఆ వరుస చాలావరకు తలకిందులవుతుంది. కారణం తరువాతి విభాగంలో తెలుస్తుంది.

6. చప్పుడు లేని ప్రమాదం

ఇంధనం పూర్తిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన, రుచి లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా బలంగా దీన్ని పట్టుకుంటుంది. ఆ మేరకు శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత దీని తొలి లక్షణాలు. ప్రయాణ బడలికగానో, ఎండదెబ్బగానో, కారు పడకపోవడంగానో వీటిని పొరబడడం సులభం. మంచి గాలిలోకి వచ్చిన తరువాత కూడా రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి 4–5 గంటలు పడుతుంది.

కంటికి, నాలుకకు అందని విషం నల్లగొండకు కొత్త కాదు. ఫ్లోరైడ్ ఉన్న బావి నీరు తేటగానే ఉంటుంది. పటిక, సున్నం వాడి ఆ నీటిని శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన విధానం ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుతోనే లోకానికి తెలుసు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిది కాదని ఆ ప్రాంతం దశాబ్దాల బాధతో నేర్చుకుంది. కారు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన క్షేమం కాదన్నది అదే కోవలోని పాఠం.

ఇప్పుడు టిక్‌టిక్ సంగతి. మానిఫోల్డ్ దగ్గర లీకయ్యే వాయువు కన్వర్టర్‌ను చేరనే లేదు. అందులోని విషం తగ్గలేదు. కారులోకి బయటి గాలిని తీసుకునే ద్వారం ముందు అద్దం అడుగున, ఇంజను గదికి ఆనుకొని ఉంటుంది. కాబట్టి మానిఫోల్డ్ లీకు నుంచి సీట్ల మధ్యకు దారి చాలా దగ్గర. మడతల గొట్టం లీకు సరిగ్గా కాళ్ళ కింద ఉంటుంది. నేల రబ్బరు బిరడాలు ఊడినా, తుప్పు పట్టి నేలకు రంధ్రం పడినా వాయువు నేరుగా లోపలికి వస్తుంది. దీనికి భిన్నంగా వెనుక డబ్బా నుంచి భర్రుమనే వాయువు కన్వర్టర్‌ను దాటి వచ్చినది. కారు నడుస్తున్నప్పుడు ఎక్కువ భాగం వెనుకకు పోతుంది. వెనుక లీకు నిరపాయం అని దీని అర్థం కాదు. డిక్కీ తలుపు తెరిచి, సామాను బయటికి పొడుచుకు వచ్చేలా కట్టి నడిపేటప్పుడు కారు వెనుక ఏర్పడే అల్పపీడనం ఆ వాయువును లోపలికి లాగుతుంది.

ఆగిన కారులో ఇంజను నడుస్తుండగా నిద్రపోవడం మరింత ప్రమాదకరం. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల వంటి సందర్భాలలో రాత్రి కారులోనే పడుకునే కుటుంబాలుంటాయి. ఏసీ కోసం ఇంజనును నడుస్తూ ఉంచితే, లీకైన వాయువును చెదరగొట్టే గాలి ఉండదు. లోపలి గాలినే తిప్పే మీట వేసినంత మాత్రాన రక్షణ లేదు. నేల సందుల గుండా చేరిన వాయువు లోపలే పేరుకుంటుంది. షట్టరు వేసిన గ్యారేజీలో ఇంజనును నడపడం కూడా ఇలాంటిదే. అక్కడ లీకు లేకపోయినా అపాయమే. కారులోని ఒకరి కంటే ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి, మగత కలిగితే ఇంజను ఆపి, తలుపులు తెరిచి, అందరినీ బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయాలి.

ప్రాణాపాయం కాక ధననష్టం కూడా ఉంది. సెన్సార్‌కు ముందు లీకుంటే పేలుడుకూ పేలుడుకూ మధ్య బయటి గాలి గొట్టంలోకి చొరబడుతుంది. సెన్సార్ దాన్ని అదనపు ఆక్సిజన్‌గా గుర్తిస్తుంది. పెట్రోలు చాలడం లేదని భావించి కంప్యూటరు మరింత పెట్రోలు పంపుతుంది. మైలేజీ తగ్గుతుంది, అదనపు ఇంధనంతో కన్వర్టర్ మితిమీరి వేడెక్కి చెడుతుంది. వందల రూపాయల ప్యాకింగ్ దగ్గర చేసిన అశ్రద్ధ వేల రూపాయల కన్వర్టర్ వరకు పోతుంది.

7. పరీక్ష, మరమ్మత్తు

7.1 పరీక్ష: రాత్రంతా ఆగి చల్లారిన కారును ఆరుబయట ఉంచి పరీక్షించాలి. మొదట చూపు: కీళ్ళ దగ్గర, మానిఫోల్డ్ అంచున నల్లని మసి చార కనిపిస్తే వాయువు అక్కడి నుంచి పోతోంది. తరువాత వినికిడి: ఇంజను ప్రారంభించిన తొలి నిమిషాలలో బానెట్ ఎత్తి టిక్‌టిక్ కోసం వినాలి. మూడవది గుడ్డ పరీక్ష: ఇంజను చల్లగా ఉండగానే, మందపాటి చేతితొడుగు వేసుకొని, మడిచిన గుడ్డతో గొట్టం కొసను కొద్ది క్షణాలు అదిమితే లోపల ఒత్తిడి పెరిగి లీకు దగ్గర బుస స్పష్టమవుతుంది. నాలుగవది సబ్బునీళ్ళ పరీక్ష: ఇంజను ఆపి, బ్లోయరుతో కొస నుంచి గాలి పంపి, కీళ్ళ మీద సబ్బునీళ్ళు చల్లితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. టైరు పంక్చరును నీళ్ళలో చూసే సూత్రమే ఇది. కారు కిందికి దూరేవారు కేవలం జాకీని నమ్మకూడదు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి.

7.2 మరమ్మత్తు: కీలు దగ్గర లీకైతే ప్యాకింగ్ మార్చి, బోల్టులు సమంగా బిగించాలి. పాత ప్యాకింగ్ మీదే పేస్టు పూసి బిగించడం నిలవదు. మానిఫోల్డ్ బోల్టులు జంగు పట్టి ఉంటాయి కనుక ముందురోజే నూనె పెట్టాలి. మొండిగా తిప్పితే తల విరిగి పని పెరుగుతుంది. హ్యాంగరు తెగితే తీగతో కట్టడం ఇల్లు చేరే వరకే. బిగిసిన తీగ అదురును నేరుగా గొట్టానికి పంపి మరొక చోట నెర్రె పుట్టిస్తుంది.

చిన్న పొక్కకు వెల్డింగ్ చాలు. కాని వెల్డింగ్ పట్టడానికి చుట్టూ గట్టి ఇనుము ఉండాలి. ఇంటి పాత్రలకు మాట్లు వేసేవారు పాత్ర అడుగును ముందు గీకి చూసి, పలచబడితే అడుగే మార్చాలని చెప్పేవారు. పొగగొట్టానికీ అదే నియమం: స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోయే డబ్బాకు అతుకు వేయడం వృథా, ఆ భాగాన్ని కోసి కొత్తది వేయించాలి. జీఐ రేకుతో అతుకు వేయడం మంచిది కాదు. దాని మీది జింకు పూత కాలి వచ్చే పొగ వెల్డర్‌కు చలిజ్వరం తెప్పిస్తుంది. విద్యుత్ వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పించాలి. లేకపోతే కారు కంప్యూటరు దెబ్బతినవచ్చు. పెట్రోలు ట్యాంకు, ఇంధనపు గొట్టాలు దగ్గరున్న చోట గొట్టాన్ని దించి, దూరంగా పెట్టి వెల్డింగ్ చేయించడమే క్షేమం.

కన్వర్టర్ విషయంలో ఒక పొరపాటు చెప్పదగినది. తేనెపట్టు పగిలి గలగలమనే కన్వర్టర్‌ను ఖాళీ చేసి, ఉత్త డబ్బాను తిరిగి బిగించడం చౌకగా తోస్తుంది. చప్పుడు పోతుంది కూడా. విషాన్ని తగ్గించే భాగమే లేకుండా పోయిందన్న సంగతి చెవికి తెలియదు. గొట్టాన్ని సైలెన్సర్‌గానే చూడడం వల్ల కలిగే నష్టానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

8. చట్టదృష్టి

పొగగొట్టాన్ని చట్టం రెండు కోణాల నుంచి చూసింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 120వ నిబంధన వ్యవసాయ ట్రాక్టర్లతో సహా ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండాలని నిర్దేశిస్తుంది. 115వ నిబంధన వెలువడే వాయువుల పరిమితులకు, పొల్యూషన్ సర్టిఫికెట్‌కు సంబంధించినది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 190(2) సెక్షన్ శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనను ఒకే చోట చేర్చింది. 2019 సవరణ తరువాత తొలి నేరానికి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది.

చట్టం రెండింటినీ సమంగా చూసినా, అమలులో ముందుగా కంటపడేది చప్పుడే. సైలెన్సర్ మార్చిన బైకును రోడ్డు మీద దూరం నుంచే గుర్తించవచ్చు. మానిఫోల్డ్ దగ్గర టిక్కుమనే కారును ఎవరూ ఆపరు. గొట్టం కొస దగ్గర గొట్టం పెట్టి కొలిచే పొల్యూషన్ పరీక్ష కూడా కొసకు చేరిన వాయువునే కొలుస్తుంది. దారిలో కారిపోయినది దానికి అందదు. కాబట్టి ఈ లోపాన్ని కనిపెట్టవలసిన మొదటి వ్యక్తి పోలీసు కాదు, కారు నడిపేవారు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి:

1. ‘సైలెన్సర్’ అనే భాగనామం మొత్తం పొగగొట్టానికి విస్తరించడంతో వాయువును దూరం చేయడం, విషాన్ని తగ్గించడం, ఇంజనుకు సమాచారమివ్వడం అనే మూడు ముఖ్యమైన పనులు వ్యవహర్త దృష్టి నుంచి మరుగుపడ్డాయి.

2. లీకు చప్పుడుకూ ప్రమాదానికీ అనులోమ సంబంధం లేదు. ఇంజనుకు దగ్గరైన కొద్దీ చప్పుడు చిన్నది కావచ్చు. వాయువు మాత్రం విషపూరితం.

3. టిక్‌టిక్, బుస్, గలగల, దడదడ, భర్ర్, ఠప్ వంటి ధ్వన్యనుకరణ పదాలు నిర్దుష్టమైన లోపనిర్ణయ పరిభాషగా పనిచేస్తున్నాయి. వృత్తి పదకోశాలలో వీటిని చేర్చేటప్పుడు ధ్వనిని మాత్రమే కాక, అది సూచించే భాగాన్ని, ప్రమాద స్థాయిని కూడా నమోదు చేయడం ఉచితం.

4. ఈ ప్రాంతంలో పొగగొట్టం చెడడానికి తక్కువ దూరపు ప్రయాణాలలో లోపల నిలిచే నీరు, స్పీడ్‌బ్రేకర్ల దెబ్బలు ముఖ్య కారణాలు; కోతల కాలంలో రోడ్డు మీది గడ్డి అగ్నిప్రమాద కారణం.

వాడుకలో పాతుకున్న పదాన్ని తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. సైలెన్సర్ అనే మాట ఉంటుంది. దాని పక్కన పొగగొట్టం అనే పాత మాటను తిరిగి నిలబెట్టడం మాత్రం సాధ్యమే: డ్రైవింగ్ స్కూళ్ళ తెలుగు పుస్తకాలలో, ఐటీఐ పాఠాలలో, షెడ్డు గోడ మీది రాతలో. ‘సైలెన్సర్ సప్పుడు జేస్తుంది’ అనే ఫిర్యాదుకు ‘పొగ లోపలికి వస్తుందా?’ అనే ప్రశ్న జవాబుగా వచ్చిన నాడు, ఆ షెడ్డు నుంచి ఇంటికి వెళ్ళే కుటుంబం మరింత క్షేమంగా చేరుతుంది.